కేబుల్ మీద అనుమానం

మా తోడల్లుడికి ఒకటే జబ్బు. ఈ లోకంలో ఎవరు ఏ పెట్టె అమ్మినా అందులోంచి ఏదో ఒకటి తీసేసి అమ్ముతారని ఆయన గట్టి నమ్మకం. అగ్గిపెట్టె దగ్గర్నుంచి బీరువా దాకా దీనికి మినహాయింపు లేదు. మూత తీయగానే మనమంతా లోపల ఏముందో చూస్తాం. ఆయన ఏం లేదో చూస్తాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. మిక్సీలు తయారుచేసే ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్లో, ఇన్‌స్పెక్టరుగా సర్వీసంతా చేశాడు. బెల్టు మీద వచ్చే అట్టపెట్టెని రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపి, "ఇందులో చిన్న జార్ మూత లేదు" అనేవాడట. తెరిచి చూస్తే ఉండేది కాదట. రిటైరయ్యాక ఫ్యాక్టరీ ఆయన్ని వదిలేసింది కానీ, ఆయన పెట్టెల్ని వదల్లేదు. మా అపార్టుమెంటులో వాచ్‌మన్ మొదలుకుని ప్రెసిడెంటు దాకా అందరూ ఆయన్ని "చెకింగ్‌గారు" అంటారు. మొహం ఎదుటే అంటారు. అది గౌరవమా, వెటకారమా అని ఆయనకి అదొక అనుమానం.

మేమిద్దరం అక్కచెల్లెళ్లని చేసుకున్నాం. ఆయన రెండో అంతస్తు, నేను మూడో అంతస్తు. అందువల్ల ఆయనకి కలిగే అనుమానాలన్నీ మెట్లెక్కి నేరుగా మా ఇంటికే వస్తాయి.

ఒక ఆదివారం పొద్దున్నే బేకరీ రొట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు.

"తమ్ముడూ, రొట్టెకి చివరలెన్ని?"

"రెండు."

"దీనికి ఒకటే ఉంది."

చూశాను. నిజమే. ఒక కొసన గట్టి ముక్క ఉంది. రెండో కొసన మామూలు మెత్తటి ముక్కే ఉంది.

"పోతే పోనీ అన్నయ్యా. ఆ గట్టి ముక్క ఎలాగూ ఎవరూ తినరు కదా."

"తినకపోవడం నా ఇష్టం. తీసెయ్యడం వాడి ఇష్టం ఎలా అవుతుంది?"

ఇద్దరం బేకరీకి వెళ్లాం. పొడుగాటి రొట్టె కాల్చి, మధ్యకి కోసి, రెండుగా అమ్ముతామని బేకరీ యజమాని ఓపిగ్గా చెప్పాడు. మా తోడల్లుడు కాసేపు ఆలోచించి, "అంటే నా రెండో చివర ఇప్పుడు ఇంకెవరింట్లోనో ఉందన్నమాట" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ప్రతి ఇంటి కిటికీలోకీ అదోలా చూస్తూ నడిచాడు.

ఇంకోసారి ఆయన పుట్టినరోజుకి నేను గోడగడియారం కొనిచ్చాను. పెట్టె విప్పాడు. థాంక్స్ చెబుతాడేమోనని నేను నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

"బ్యాటరీ ఏది?"

"విడిగా కొనుక్కోవాలట అన్నయ్యా."

"అయితే నువ్విచ్చింది గడియారం కాదు, గోడకి తగిలించే పళ్లెం."

నిరసనగా దాన్ని బ్యాటరీ లేకుండానే గోడకి తగిలించాడు. ఆ తర్వాత చాలాకాలం ఫోన్లో టైం అడిగిన వాళ్లందరికీ మా వదిన ఒకే టైం చెబుతూ వచ్చింది.

అలాంటి మనిషి ఎలక్ట్రిక్ కారు కొంటానన్నాడు. మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం. కారణం అడిగితే, పెట్రోలు బంకు మీద అనుమానమన్నాడు. "గొట్టం లోపల ఏం పోతోందో, ఎంత పోతోందో మనకేం కనిపిస్తుంది? కరెంటయితే మీటరు నా ఇంట్లోనే ఉంటుంది. నేను కూర్చుని చూసుకోవచ్చు."

బండి తీసుకునే రోజున మా వదినా, నేనూ కూడా షోరూముకి వెళ్లాం. నున్నటి నేల, ఘాటైన కొత్త రబ్బరు వాసన, మధ్యలో ఎర్రటి గుడ్డ కప్పిన కారు. సేల్స్‌మన్ ఆ గుడ్డని ఒక్కసారి లాగాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన కొట్టలేదు. కారు ముందు వైపైనా చూడకుండా చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచాడు.

"ఇదేంటి, ఖాళీగా ఉంది?"

"డిక్కీ సార్. సామాన్లు పెట్టుకోవడానికి" అన్నాడు సేల్స్‌మన్.

"అది నాకూ తెలుసు. ఎక్కడైనా ప్లగ్గులో పెట్టుకునే ఛార్జింగ్ కేబుల్ ఏది?"

"మీ పార్కింగులో గోడకి ఛార్జరు బిగిస్తున్నాం కదండీ. దానికే కేబుల్ ఉంటుంది."

"గోడకి బిగించింది గోడ దగ్గర పనికొస్తుంది. నేను ఊరెళ్తే గోడ నాతో వస్తుందా?"

"దారిలో ఛార్జింగ్ స్టేషన్లుంటాయి సార్. యాప్‌లో అన్నీ కనిపిస్తాయి."

"యాప్‌లో కనిపించడం వేరు, ఉండడం వేరు. ఫొటోలో మా తమ్ముడికి జుట్టు కనిపిస్తుంది."

నేను తల తడుముకున్నాను. వదిన అటు తిరిగి నవ్వుకుంది. సేల్స్‌మన్ మేనేజరు కోసం పరుగెత్తాడు.

మేనేజరు నెమ్మదస్తుడు. అద్దాల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విషయం వివరంగా చెప్పాడు. "మొదట్లో ప్రతి బండికీ ఇచ్చేవాళ్లం సార్. చాలామంది దాన్ని డిక్కీలో పడేసి మర్చిపోయేవాళ్లు. బండి సర్వీసుకి వచ్చినప్పుడు చూస్తే కవరైనా విప్పి ఉండేది కాదు. అంత రాగి, అంత ప్లాస్టిక్కు, ఎవరికీ పనికి రాకుండా పడి ఉండడం ఎందుకు? అందుకే కావలసినవాళ్లకి విడిగా అమ్ముతున్నాం. అక్కర్లేనివాళ్ల నెత్తిన రుద్దడం లేదు."

నాకైతే ఆ మాట సబబుగానే తోచింది. నోరూరుకోక, "నిజమే కదా అన్నయ్యా" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, ఈ షోరూములో నాకెంత వాటా ఉందో లెక్కగడుతున్నట్టు ఒక చూపు చూశాడు. మళ్లీ మేనేజరు వైపు తిరిగాడు.

"సరే. అక్కర్లేనివాళ్లు మర్చిపోయారు. అక్కర ఉన్నవాళ్లో?"

"వాళ్లు కొనుక్కుంటారు సార్."

"నేను కొనుక్కుంటాను. ఇవ్వండి."

మేనేజరు సేల్స్‌మన్ వైపు చూశాడు. సేల్స్‌మన్ నేల వైపు చూశాడు.

"ప్రస్తుతం స్టాకు లేదండి. ఆర్డరు పెడితే వస్తుంది."

"ఎప్పుడొస్తుంది?"

"రాగానే ఫోన్ చేస్తాం సార్."

మా తోడల్లుడి మొహం చూడాలి అప్పుడు! అనుమానం నిజమైనప్పుడు ఆయన మొహంలో వచ్చే వెలుగు, కొత్త కారు కొన్నవాళ్ల మొహాల్లో కూడా నేను చూడలేదు.

"అంటే పెట్టెలోంచి తీసేశారు. అరలోనూ పెట్టలేదు. మరి అది ఎక్కడుంది?" అంటూ కుర్చీ ముందుకి జరిపాడు. "సొంత గోడ ఉన్నవాడికి గోడ ఛార్జరు ఇస్తున్నారు, బాగానే ఉంది. అద్దె కొంపలో ఉండేవాడికి గోడ ఎక్కడిది? వాడికి ఆ కేబులే గోడ. బండి కొనడానికి వచ్చినవాడిని, నాయనా, నీకు గోడ ఉందా లేదా అని మీరెప్పుడైనా అడిగారా?"

"రంగు అడుగుతాం సార్" అన్నాడు సేల్స్‌మన్ చిన్నగా.

ఆయన లేచి వెళ్లి షోరూము గుమ్మానికి దగ్గరగా ఉన్న సోఫాలో కూర్చున్నాడు. కేబుల్ వచ్చేదాకా అక్కడే ఉంటానన్నాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే, లోపలికి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ పలకరించి, "వెళ్లండి, వెళ్లండి, బండి బాగుంటుంది. ఒకసారి డిక్కీ మాత్రం తెరిపించి చూడండి" అని చెబుతూ వచ్చాడు. మధ్యాహ్నానికల్లా షోరూములో ఉన్న కార్లన్నింటికీ డిక్కీలు లేచి ఉన్నాయి. వాటిలోకి వంగి చూస్తున్న జనం, వాళ్ల వెనక చేతులు నలుపుకుంటున్న సేల్స్‌మన్లు. చివరికి మేనేజరు తమ సొంత వాడకానికి పెట్టుకున్న కారులోంచి కేబుల్ తీసి, నల్ల సంచిలో పెట్టి, రెండు చేతులా తెచ్చి ఇచ్చాడు. డబ్బు కూడా వద్దన్నాడు.

ఇంతటితో కథ సుఖంగా ముగుస్తుందనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆయన, "ఊరికే ఎందుకిచ్చాడంటావ్?" అన్నాడు.

"మీరు అడిగారు కాబట్టి" అంది వదిన వెనక సీట్లోంచి.

"అడిగితే ఇచ్చేవాడు ముందే ఎందుకివ్వలేదు? ముందివ్వనివాడు ఇప్పుడు ఊరికే ఇచ్చాడంటే ఇందులో ఏదో లోపం ఉంది."

"ఇవ్వకపోతే ఒక బాధ, ఇస్తే ఇంకో బాధా?"

"ఇవ్వకపోతే ఏం లేదో తెలుస్తుంది. ఇస్తే ఏముందో తెలియదు. అదే ఎక్కువ ప్రమాదం."

సిగ్నల్ పచ్చబడింది. వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టారు. వాళ్లకంత తొందరేమిటని ఆయన అద్దంలో వాళ్లని కూడా ఒకసారి అనుమానంగా చూసి బండి కదిపాడు.

సెల్లారులో ఆయన పార్కింగు ఒక మూలన, లావుపాటి స్తంభం పక్కన ఉంటుంది. ఆ గోడకి ఛార్జరు బిగించిన ఎలక్ట్రీషియన్ని అంతటితో వదల్లేదు. పక్కనే మామూలు సాకెట్టు కూడా తన మీటరుకే కలిపి పెట్టించాడు. ఎందుకంటే కేబుల్‌ని పరీక్షించడానికన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే సెల్లారులోకి దిగడం, చాలాసేపు ఉండి రావడం మొదలుపెట్టాడు. ఎక్కడికని వదిన అడిగితే ఒకే జవాబు: "కేబుల్ చెకింగ్."

"ఆ కేబుల్ వంక చూసినట్టు నా వంక ఒక్క రోజైనా చూశారా?" అంది వదిన ఒకసారి.

"నీ మీద నాకేం అనుమానం లేదు కదా" అన్నాడు. వదినకి దానికి సంతోషించాలో, కోప్పడాలో అర్థం కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాలుగో అంతస్తులోకి ఒక అమ్మాయి అద్దెకి దిగింది. ఒంటరిగా ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ కారు ఉంది. దాన్ని మా తోడల్లుడి పార్కింగుకి అవతల, స్తంభం చాటున పెట్టుకునేది. చెకింగ్‌గారి అనుమానాల్లో ఆమెకి చోటు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"తమ్ముడూ, ఆ అమ్మాయి తెల్లారకుండానే వెళ్తుంది. సందె చీకట్లో వస్తుంది. చేతిలో సంచి. సంచిలో ఏమున్నాయో తెలుసా? రబ్బరు బెల్టులు. ఒక కర్ర. రెండు బంతులు."

"ఆడుకుంటుందేమో."

"రబ్బరు బెల్టులతో ఏం ఆట? ఎవర్నో కట్టేస్తోంది."

కొన్నాళ్లు ఈ బెల్టుల గొడవ మా ఇంట్లో మోగిపోయింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ అమ్మాయి పేరెత్తడమే మానేశాడు. నేనే అడిగితే, "ఎవరూ? ఆ, ఏదో ఉద్యోగంట" అని మాట మార్చేశాడు. నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే తర్వాత నా బతుకు కొంత బాగుండేది.

మా ఆవిడకీ, వదినకీ పిన్ని అయినావిడ ఊళ్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చూసి రావాలి. అది చాలా దూరాన ఉన్న చిన్న ఊరు. బస్సులు సరిగ్గా లేవు. చెకింగ్‌గారి కారు తీసుకెళ్దామని మా ఆవిడ అంది. మేం అడగడానికి వెళ్లేసరికి ఆయన క్షవరానికి వెళ్లాడు. వదినే తాళాలు తెచ్చి మా చేతిలో పెట్టింది.

"ఆ ఊళ్లో ఛార్జింగ్ స్టేషన్ ఉండదేమో వదినా" అన్నాను.

"ఉండక్కర్లేదు. కేబుల్ ఉందిగా! రోజూ పూజ చేసినట్టు చెక్ చేస్తున్నారు. పిన్ని వాళ్ల వరండాలో ప్లగ్గు పెట్టుకోండి."

డిక్కీ తెరిచి చూశాను. నల్ల సంచి నిండుగా, ముచ్చటగా ఉంది. ఎత్తి చూశాను. బరువుగా ఉంది. బయల్దేరాం.

సగం దారిలో ఆయన ఫోన్ వచ్చింది. గొంతులో ఏదో కంగారు.

"తమ్ముడూ, ఛార్జింగ్ ఎంతుంది?"

"వెళ్లడానికి సరిపోతుంది అన్నయ్యా."

"దారిలో స్టేషన్లేమైనా ఉన్నాయేమో చూడు. యాప్‌లో కనిపిస్తాయట కదా."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "యాప్‌ని మీరెప్పట్నుంచి నమ్ముతున్నారు? అయినా అక్కర్లేదు, మీ కేబుల్ ఉందిగా."

"కేబుల్‌ని మరీ అంత నమ్ముకోకు" అని పెట్టేశాడు. అలవాటు ప్రకారం అనుమానపడుతున్నాడనుకుని మేమిద్దరం నవ్వుకున్నాం.

పిన్నిగారింటికి చేరేసరికి బండిలో ఛార్జింగ్ అడుగంటింది. పలకరింపులయ్యాక, వరండాలో ప్లగ్గు ఎక్కడుందో కనుక్కుని, సంచి తెచ్చి, గొప్పగా జిప్పు లాగాను.

లోపల మొక్కలకి నీళ్లు పట్టే పైపు ఉంది. పచ్చటి పైపు. చుట్టలు చుట్టలుగా, చక్కగా, సరిగ్గా కేబుల్ ఎంత లావుంటుందో, ఎంత బరువుంటుందో అంత.

పిన్నిగారు కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని వచ్చి చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చెయ్యి విరిగిందని మొక్కలకి నీళ్లు పట్టడానికి పైపు కూడా తెచ్చావా నాయనా? ఇంత మంచి అల్లుడు ఎవరికుంటాడు!"

ఏం చెప్పను? మొక్కలకి నీళ్లు పట్టాను. మా ఆవిడ వరండాలో నిలబడి నా వంకే చూస్తోంది. ఆ చూపుకి మొక్కలు ఎండిపోవాలి. పట్టడం అయ్యాక ఆయనకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, సంచిలో కేబుల్ లేదు. పైపు ఉంది."

"ఏ రంగు పైపు?"

"పచ్చ పైపు."

"పచ్చదైతే మనదే."

"అది కాదన్నయ్యా, కేబుల్ ఎవరో కొట్టేశారు! మనకి తెలియకుండా బరువు సరిపోయేలా పైపు కూడా పెట్టారు! ఇది బాగా తెలిసినవాళ్ల పనే."

"తమ్ముడూ" అన్నాడు ఆయన ఎంతో శాంతంగా, "తొందరపడి ఎవర్నీ అనుమానించకూడదు."

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గ్యాసు సిలిండరు ఇచ్చేవాణ్ని సీలు చూపించమనే మనిషి, మందుల షాపులో మాత్రల్ని వెలుతురుకి పెట్టి చూసే మనిషి, మొన్నటికి మొన్న రొట్టె చివర కోసం ఊరంతా గాలించిన మనిషి, ఎవర్నీ అనుమానించొద్దని నాకు చెబుతున్నాడు! జీవితంలో మొట్టమొదటిసారి నాకు ఆయన మీద అనుమానం కలిగింది.

మర్నాడు ఒక లారీ మీద కారు, ఆ లారీలోనే డ్రైవరు పక్కన మేమిద్దరం, ఇంటికొచ్చాం. మా ఆవిడ దారంతా నాతో మాట్లాడలేదు. లారీ డ్రైవరు మాత్రం, "కరెంటు బండి కొని కేబుల్ తీసుకురావడం మర్చిపోయారా సార్?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే సంగతంతా వదినకి చెప్పాను. వదిన మొహం గంభీరమైపోయింది.

"అదే మరిది గారూ నేనూ ఆలోచిస్తున్నా. కేబుల్ లేనప్పుడు రోజూ సాయంత్రం సెల్లారులో ఈయన చెక్ చేస్తున్నది దేన్ని?"

ఇంతకాలం ఆయనతో కాపురం చేసిందేమో, ఆవిడకి కూడా కొంత అంటుకుంది. ఆ సాయంత్రం ఆయన "కేబుల్ చెకింగ్" అంటూ చెప్పులేసుకోగానే, కొంచెం ఆగి వదినా నేనూ మెట్ల మీదుగా దిగాం. ప్రెసిడెంటుగారి పెద్ద కారు వెనక నక్కాం. వదిన కొంగుతో ముక్కు మూసుకుంది. ఆవిడకి దుమ్ము పడదు.

నాలుగో అంతస్తు అమ్మాయి కారు వచ్చి స్తంభం చాటున ఆగింది. సంచి భుజాన వేసుకుని దిగింది. మా తోడల్లుడు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అమ్మాయి డిక్కీ తెరిచి కేబుల్ బయటికి తీసింది. సాక్షాత్తూ మేనేజరు ఇచ్చిన కేబులే! ఒక కొస కారుకి తగిలించింది. రెండో కొస తీసుకెళ్లి, ఆయన తన మీటరుకి కలిపి పెట్టించిన సాకెట్టులో పెట్టింది. చిన్న పచ్చ దీపం వెలిగింది.

"ఏమ్మా, ఇవాళ ఎలా పనిచేసింది?" అన్నాడు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పాత ఇన్‌స్పెక్టరు గొంతుతో.

"ఏం తేడా లేదు అంకుల్. బండి రోజంతా బాగా నడిచింది."

"వేడెక్కిందా?"

"లేదు అంకుల్."

"వాసనేమైనా?"

"రాలేదు అంకుల్."

"చూశావా! ఏ తేడా లేదంటే నాకు అదే అనుమానం. ఈ కేబుల్‌ని ఇప్పుడప్పుడే నమ్మడానికి వీల్లేదు. ఇంకొన్నాళ్లు వాడి చూడు."

"అలాగే అంకుల్" అంది ఆ అమ్మాయి, ఎక్కడా నవ్వకుండా.

"అది సరే, ఆ పక్షవాతం పెద్దాయన ఎలా ఉన్నాడు?"

"ఇవాళ తనంతట తను నిలబడ్డారు అంకుల్!"

"గోడ పట్టుకోలేదు కదా?"

"లేదు."

"వెనక కుర్చీకి ఆనుకోలేదు కదా? సరిగ్గా చూశావా?"

"లేదంకుల్, నేను ముందే నిలబడ్డాను. చేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి."

ఆయన జేబులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు. "రేపు మళ్లీ ఒకసారి చెక్ చెయ్యి. ఒక్కరోజు నిలబడితే నమ్మలేం" అని లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

వదిన కారు వెనక నుంచి లేచి గట్టిగా తుమ్మింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. మమ్మల్ని గుర్తుపట్టి, తర్వాత తనే మెల్లగా నవ్వింది.

ఆమె ఫిజియోథెరపిస్టు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్ల చేత కాళ్లూ చేతులూ ఆడించి, నిలబెట్టి, నడిపించే పని. బెల్టులూ బంతులూ అందుకే. ఇళ్లిళ్లూ తిరగడానికని అప్పు మీద ఆ చిన్న కారు కొంది. మేం కొన్న షోరూములోనే. ఆమెని కూడా రంగు మాత్రమే అడిగారు. కేబుల్ రాలేదు. విడిగా కొనబోతే స్టాకు లేదు. ఇక్కడ గోడకి ఛార్జరు బిగించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. గోడకి చిల్లు పడుతుందన్నాడు.

"తెల్లారకుండానే వెళ్లి ఛార్జింగ్ స్టేషన్లో లైన్లో నిలబడేదాన్ని ఆంటీ. అయినా మొదటి పేషెంటుకి రోజూ ఆలస్యమే. రెండు కుటుంబాలవాళ్లు ఇంక రావద్దన్నారు. బండి అమ్మేసి, ఈ పని మానేద్దామనుకున్నా. అప్పుడే ఒకరోజు అంకుల్ వచ్చి, నా సంచిలో ఏముందో చూపించమన్నారు."

"అడిగేశారా!" అంది వదిన తల పట్టుకుని.

"అడిగారు ఆంటీ. చూపించాను. తెల్లారకుండానే ఎక్కడికి వెళ్తున్నారని అడిగారు. ఇదంతా చెప్పాను. ఓనరు పేరు, షోరూములో ఎవరేమన్నారు, అన్నీ పోలీసుల్లా అడిగి వెళ్లిపోయారు. ఒక్క మంచి మాట అనలేదు. మర్నాడు ఈ కేబుల్ తెచ్చారు. 'దీని మీద నాకు నమ్మకం లేదు. ఊరికే ఇచ్చారు. లోపమేదో ఉంది. రోజూ వాడితే గానీ బయటపడదు. నా బండికి వాడి ప్రమాదం తెచ్చుకోలేను. మీరు వాడి చూసి చెబుతారా?' అన్నారు."

"మరి కరెంటు?" అన్నాను.

"అదీ అడిగాను. మీటరు మీద కూడా అనుమానం ఉందన్నారు. అది సరిగ్గా తిరుగుతోందో లేదో చూడ్డానికి నేను కొంచెం గట్టిగా వాడాలట."

వదిన అటు తిరిగి కొంగుతో కళ్లూ ముక్కూ తుడుచుకుంది. ఈసారి దుమ్ముకి కాదు.

"ఆయన నా కేబుల్ కోసం ఇంకా షోరూముకి వెళ్తున్నారు తెలుసా?" అంది ఆ అమ్మాయి. "వెళ్లినప్పుడల్లా ఆ సోఫాలోనే కూర్చుంటున్నారట. మేనేజరు నాకు ఫోన్ చేసి, వచ్చే లోడులో మొదటి కేబుల్ మీదేనమ్మా, ముందు మీ అంకుల్‌ని లేపండి అన్నారు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లందర్నీ సొంతిల్లా, అద్దిల్లా, ఛార్జింగ్ ఎక్కడ పెడతారు అని అడుగుతున్నారట. గోడ లేనివాళ్లకి ఇకమీదట బండితోపాటే కేబుల్ ఇస్తారట."

"ఆయన అనుమానమంతా నాటకమని నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"మొదటి రోజే తెలుసండి. కానీ తెలిసినట్టు ఆయనకి చెప్పకండి. తెలిస్తే మళ్లీ ఏం అడగాలో తెలియక ఇబ్బంది పడతారు. నాకూ రోజంతా ఎలా గడిచిందో ఇక్కడ అడిగేవాళ్లు ఎవరున్నారు?"

మేం చెప్పబోమని మాటిచ్చాం. వదిన గబగబా మెట్లెక్కింది. ఇంట్లోకి వెళ్లగానే తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. ఆయన కుర్చీలో కూర్చుని ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతున్నాడు. నేను ఎదురుగా కూర్చుని, నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు చూస్తున్నాను.

వదిన టీ తెచ్చింది. మామూలుగా అయితే బల్ల మీద టక్కున పెట్టి వెళ్తుంది. ఇవాళ కప్పు ఆయన చేతికి అందించింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది. వెనక దిండు సర్దింది. వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్లింది.

ఆయన టీ తాగలేదు. కప్పు అలాగే పట్టుకుని, వదిన వెళ్లిన వైపు చూశాడు. నా వైపు చూశాడు. నాది మరీ మంచి మొహమైపోయినట్టుంది, ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"ఏమోయ్!" అని లోపలికి కేకేశాడు. "ఏం పగలగొట్టావు?"

"ఏం పగలగొట్టలేదండీ" అంది వదిన లోపల్నుంచి, ఎంతో ఆప్యాయంగా.

ఆ ఆప్యాయతతో ఆయనకున్న కాస్త సందేహమూ తీరిపోయింది. కప్పు బల్ల మీద పెట్టి, పేపరు మడిచి, గాజు సామాను లెక్క చూడడానికి వంటింట్లోకి బయల్దేరాడు.